పథకం పూర్తయ్యాకే అసలు పాలన: ఉద్దానం నుంచి గుర్ల దాకా

2023 డిసెంబరు 14న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రెండు నిర్మాణాలు ఒకే రోజు ప్రారంభమయ్యాయి. ఒకటి, హిరమండలం జలాశయం నుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలు వేసి, ఏడు మండలాల్లోని ఎనిమిది వందలకు పైగా ఆవాసాలకు వంశధార నీటిని చేర్చే మంచినీటి పథకం. దాని ఖర్చు దాదాపు 700 కోట్ల రూపాయలు. రెండోది, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి. దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధికి మనుషుల్ని పోగొట్టుకుంటున్న ప్రాంతానికి ఇంతకంటే అవసరమైన పెట్టుబడి మరొకటి ఉండదు. ఇది ఏ పార్టీ ఘనత అన్న వాదులాటను పక్కన పెట్టవచ్చు. జరగవలసిన పని జరిగింది. ఆ రోజుతో తీరిపోనివి, నిజానికి ఆ రోజు నుంచే మొదలయ్యేవి కొన్ని బాధ్యతలు ఉన్నాయి. వాటి గురించే ఇక్కడ చర్చ.

మోటార్లు ఎవరు నడపాలి? కరెంటు బిల్లు ఏ ఖాతా నుంచి కట్టాలి? గొట్టం పగిలితే ఎన్ని గంటల్లో అతకాలి? ట్యాంకు కడిగిన తేదీ ఎవరు రాయాలి, ఎవరు సరిచూడాలి? జలాశయం అడుగంటిన ఏడాది ముందుగా ఎవరికి నీళ్లు ఆపాలి? సుస్థిరాభివృద్ధి అనే పెద్ద మాట ఈ ప్రశ్నల దగ్గరే నిలబడుతుంది, లేదా కూలిపోతుంది. ఐక్యరాజ్యసమితి 2015 సెప్టెంబరులో ఆమోదించిన లక్ష్యాలు 17, వాటి కింద ఉపలక్ష్యాలు 169. ఆరో లక్ష్యం అందరికీ సురక్షితమైన నీరు, పారిశుద్ధ్యం. గడువు 2030. దాన్ని చేరుకోవడానికి కావలసిన ఇంజినీరింగ్ పరిజ్ఞానం మన దేశానికి ఎప్పటి నుంచో ఉంది. డబ్బు కూడా తడబడుతూనే అయినా వస్తోంది. లోటంతా కట్టిన దాన్ని ముప్పై ఏళ్ల పాటు నడపగలిగే పాలనా వ్యవస్థలో ఉంది. అభివృద్ధి చెందుతున్న దేశాలన్నింటా కనిపించే ఈ లోటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎలా పనిచేస్తోందో చూస్తే దాని కీలకం తెలుస్తుంది.

కారణం తేలని జబ్బు, ఆగకూడని నిర్ణయం

ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేల. మామూలుగా మూత్రపిండాలను దెబ్బతీసే మధుమేహం, అధిక రక్తపోటు లేని రైతులకు, కూలీలకు కూడా ఇక్కడ ఆ జబ్బు వస్తోంది. చాలా కాలం ఏ బాధా తెలియదు. తెలిసేసరికి డయాలసిస్ దశకు చేరుతుంది. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందుల అవశేషాలు, మండుటెండలో చాలినంత నీరు తాగకుండా చేసే కాయకష్టం, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్యంగా వచ్చే అంశాలు, వీటన్నింటినీ పరిశోధకులు అనుమానించారు. ఏ ఒక్కటీ తిరుగులేని కారణంగా రుజువు కాలేదు.

ప్రభుత్వ శాఖలు పనిచేసే తీరుకు ఇది పెద్ద పరీక్ష. ఫైలు కదలాలంటే కారణం కావాలి, కారణానికి నివేదిక కావాలి, నివేదికకు కమిటీ కావాలి. ఈ వరుస ముగిసేలోపు రోగులు ఆగలేరు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లోనూ ఇలాంటి వ్యాధే ఉంది. అక్కడి ప్రభుత్వం 2015లో గ్లైఫోసేట్ అనే కలుపుమందును నిషేధించింది. శాస్త్రీయ ఆధారాల మీద వివాదం రేగింది. తేయాకు తోటల యజమానులు కలుపు తీయడానికి దారి లేదని మొరపెట్టుకున్నారు. కొన్నేళ్లలోనే నిషేధాన్ని సడలించి, 2022లో పూర్తిగా ఎత్తివేశారు. ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు కోత కూలీలు ఇదే రకం జబ్బు పాలయ్యారు. అక్కడ ఎండ తాపం, ఒంట్లో నీరు తగ్గిపోవడం మీద దృష్టి నిలిచింది. ఒకే కారణాన్ని నమ్మి దాని మీద మొత్తం విధానాన్ని నిలబెడితే, ఆ కారణం మీద సందేహం వచ్చిన రోజున విధానం కూడా కదిలిపోతుంది. కారణం ఏదని తేలినా మేలే చేసే పనులు ముందుగా చేపట్టడం తెలివైన పాలన. శుద్ధమైన నదీజలం, ఊరూరా రక్తపరీక్షలు, రోగులకు ఆర్థిక ఆసరా అలాంటివి. ఆ లెక్కన ఉద్దానం భూగర్భ జలం నుంచి నదీజలానికి మారడం సరైన నిర్ణయం. పరిశోధన పూర్తయ్యే వరకు ఆగాలన్న వాదనకు ప్రభుత్వాలు లొంగకపోవడం మెచ్చదగినది.

వనరు మార్చడంతోనే పని అయిపోదని చెప్పడానికి బంగ్లాదేశ్‌ను మించిన ఉదాహరణ లేదు. చెరువుల నీరు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి అక్కడ ఊరూరా గొట్టపుబావులు వేశారు. అంతర్జాతీయ సంస్థలు డబ్బిచ్చాయి, ప్రజలు కూడా సొంత ఖర్చుతో తవ్వుకున్నారు. లక్షల సంఖ్యలో బావులు వచ్చాయి. 1993లో ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందని బయటపడింది. ఉద్దేశం మంచిదే, ఖర్చూ మంచి పనికే అయింది. కానీ వేసిన బావుల నీటిని ఆ విషం కోసం ఎవరూ ముందుగా పరీక్షించలేదు. కోట్ల మంది ఏళ్ల తరబడి దాన్నే తాగారు. మేలు కోసం వచ్చిన పథకానికి కూడా కాపలా అవసరమని ఆ దేశం చాలా భారీ మూల్యం చెల్లించి తెలుసుకుంది.

ఉద్దానంలో నదీజల పథకానికి ముందు ఆర్‌ఓ కేంద్రాలు వచ్చాయి. 20 లీటర్ల క్యాన్ రెండు రూపాయలకు ఇచ్చారు. తాత్కాలిక ఉపశమనంగా అది బాగానే ఉపయోగపడింది. అయితే క్యాన్ నీళ్లు తాగడానికే సరిపోతాయి. అన్నం వండేది, గంజి కాచేది, పశువులకు పెట్టేది బోరు నీటితోనే. పైగా వడపోత పొరలను వేళకు మార్చకపోతే ఆ యంత్రం ఉన్నా లేనట్టే. అందుకే కుళాయి ద్వారా రోజూ మనిషికి 55 లీటర్లు అన్న జల్ జీవన్ మిషన్ ప్రమాణం ఇలాంటి చోట మరింత విలువైనది.

ఇక కుళాయికి అటు చివర ఉన్న హిరమండలం సంగతి. జలాశయాన్ని 19 టీఎంసీలకు రూపొందించారు. అది నిండాలంటే వంశధార మీద నేరడి దగ్గర బ్యారేజీ కావాలి. దానికి ఒడిశా వైపు సుమారు 106 ఎకరాల భూమి అవసరం. నదీజలాలను రెండు రాష్ట్రాలు చెరిసగం పంచుకోవాలన్న ఒప్పందం 1962 నాటిది. వివాదం ముదిరి 2010లో ట్రైబ్యునల్ ఏర్పడింది. 2017 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో ఆ ట్రైబ్యునల్ 115 టీఎంసీలను సగం సగంగా లెక్కగట్టి, నేరడికి అనుమతించింది. తీర్పు వచ్చినా బ్యారేజీ రాలేదు. ఈలోగా కాట్రగడ్డ దగ్గర నది పక్కగా కట్టిన అడ్డుగట్టు (సైడ్ వియర్) నుంచి వరద కాలంలో వచ్చే నీరే జలాశయానికి ప్రధానమైన ఆధారం. గొట్టా బ్యారేజీ నుంచి ఎత్తిపోతల ఆలోచన కూడా ఈ లోటు పూడ్చడానికి వచ్చినదే. అంటే కవిటిలో ఒక ఇంటి కుళాయి తిప్పితే నీరు రావడం, ఒడిశా కొండల్లో కురిసే వానల మీదా, రెండు రాష్ట్రాల జలవనరుల శాఖల మధ్య సయోధ్య మీదా ఆధారపడి ఉంది.

వానలు మొహం చాటేసిన ఏడాది వంశధార ఆయకట్టు రైతు, ఉద్దానం తల్లి ఒకే జలాశయం వైపు చూస్తారు. తాగునీటికే తొలి ప్రాధాన్యమని జాతీయ జలవిధానం చెబుతుంది. కానీ జలాశయంలో నీటిమట్టం ఏ గీత దగ్గరికి దిగినప్పుడు సాగుకు ఆపాలి, అప్పుడు రైతుకు ఇచ్చే ప్రత్యామ్నాయం ఏమిటి అన్నది ముందే రాసిపెట్టుకోకపోతే ఆ నిర్ణయం కరువు నడి మధ్యలో, ఒత్తిళ్ల మధ్య జరుగుతుంది. ఇంకొక మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఈ జలాశయం కోసం హిరమండలం, కొత్తూరు ప్రాంతపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. పరిహారం, పునరావాసం కోసం నిర్వాసితులు ఏళ్ల తరబడి పోరాడారు. ఉద్దానానికి అందే ప్రతి బిందెలోనూ వాళ్ల భూమి ఉంది. వాళ్ల పునరావాస కాలనీల్లో నీరు, రోడ్డు, పట్టా పూర్తిగా అందాయా లేదా అన్నది ఈ పథకం జమాఖర్చుల్లో భాగంగానే చూడాలి.

గుర్లలో తెగిన గొలుసు

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. మృతుల సంఖ్య మీద అధికారుల లెక్కకు, బయటి లెక్కలకు పొంతన కుదరలేదు. ఆ పొంతన లేకపోవడమే ఒక పాలనా వైఫల్యం. మరణం అతిసారం వల్లా, వేరే జబ్బు వల్లా అన్న వాదన నడుస్తున్నంత సేపూ బాధిత కుటుంబం రెండోసారి నష్టపోతుంది.

ఉద్దానంలోలా ఇక్కడ తేలని శాస్త్రీయ చిక్కు ఏదీ లేదు. నీరు కలుషితం కాకుండా చూడడం ఎలాగో వందేళ్లకు పైగా తెలిసిన విద్య. భారతీయ ప్రమాణాల ప్రకారం కుళాయి చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న సీసాలో నీళ్లు పట్టి రెండు చుక్కల రసాయనం వేస్తే రంగు చూసి చెప్పవచ్చు. ఈ పని జరగాలంటే ట్యాంకు కడిగే మనిషికి జీతం అందాలి. బ్లీచింగ్ పొడి నిల్వ ఉండాలి. మురుగు కాలువలోంచి పోయే గొట్టానికి చిల్లు పడితే పంచాయతీ కార్యదర్శికి తెలియాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్లు వచ్చి బాగుచేయాలి. ఊళ్లో ముగ్గురు నలుగురికి విరేచనాలని ఆశా కార్యకర్త గమనించిన రోజే ఆ మాట నీటి విభాగానికి చేరాలి. ఇందులో ఒక్క కొక్కెం ఊడినా గొలుసు తెగుతుంది. విచారణలు ఎప్పుడూ ఊడిన కొక్కేన్నే వెతుకుతాయి. గొలుసు మొత్తాన్ని పట్టుకునే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న అడగరు.

ఆ చెయ్యి నిజానికి లేదు. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలైంది. గ్రామాల్లో, పట్టణాల్లో కలిపి దాదాపు 15 వేల సచివాలయాలు. ఇంజినీరింగ్ అసిస్టెంట్, ఏఎన్‌ఎం, వ్యవసాయ సహాయకుడు, సంక్షేమ సహాయకుడు, సర్వేయర్, ఇలా చదువుకున్న యువత లక్ష మందికి పైగా ఊళ్లోనే ఉద్యోగులయ్యారు. వర్ధమాన దేశాల్లో కింది స్థాయికి ఇంత మంది సిబ్బందిని ఒక్కసారిగా ఇచ్చిన ప్రయత్నాలు అరుదు. ఇది నిస్సందేహంగా పెద్ద ముందడుగు. కానీ ఒక్కొక్కరూ తమ తమ శాఖల పై అధికారికి జవాబుదారీ. ఒకే గదిలో కూర్చున్నా ఒకే బాధ్యత కింద లేరు. 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలను పంచాయతీలకు అప్పగించవచ్చని చెప్పింది. వాటిలో తాగునీరు ఉంది, పారిశుద్ధ్యం ఉంది. ఆ అంశాలపై పనిచేసే ఉద్యోగి మీద సర్పంచికి అధికారం మాత్రం నామమాత్రం. ఓటు వేసిన మనిషి నిలదీయగలిగేది సర్పంచిని. సర్పంచి ఆదేశించగలిగేది దాదాపు ఎవరినీ కాదు.

డబ్బు సంగతి దీనికంటే గట్టిది కాదు. పంచాయతీకి సొంతంగా వచ్చేది ఇంటి పన్ను, కుళాయి పన్ను, మరికొన్ని చిన్న పద్దులు. పేద మండలాల్లో ఇవి కరెంటు బిల్లులకే చాలవు. పెద్ద ఆధారం కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఆ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టింది. మంచి నిబంధన. అయితే పంచాయతీల ఖాతాల్లోని నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేయడంపై ఆంధ్రప్రదేశ్ సర్పంచులు వీధికెక్కవలసి వచ్చింది. బకాయి కట్టవలసిందే, కాదనలేం. కానీ ఖాతా యజమానికి చెప్పకుండా డబ్బు వెళ్లిపోయే చోట ప్రణాళిక అనే మాటకు అర్థం ఉండదు.

పాత పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే, కొత్త ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ రెండున్నరేళ్లూ ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోతుంది. ఒక ఎన్నిక వాయిదా పడితే ఒక పంపు మరమ్మతు వాయిదా పడుతుంది. ప్రజాస్వామ్యానికీ ప్రజారోగ్యానికీ మధ్య దూరం అంత తక్కువ.

కొలతల పాలన

2018 జనవరిలో వెనకబడిన జిల్లాల కోసం కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి చోటు దక్కినవి మూడు: విజయనగరం, విశాఖపట్నం, కడప. 2011 జనగణనలో విజయనగరం అక్షరాస్యత 58.9 శాతం. నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలోని పాత పదమూడు జిల్లాల్లో అదే అట్టడుగు. శ్రీకాకుళం 61.7 శాతంతో పెద్ద దూరంలో లేదు. ఈ కార్యక్రమంలో 49 సూచికలు ఉంటాయి. ఆరోగ్యం, పోషణకు 30 శాతం, విద్యకు 30 శాతం, వ్యవసాయం, జలవనరులకు 20 శాతం బరువు. నెల నెలా ఎంత మెరుగుపడ్డారో చూసి జిల్లాలకు ర్యాంకులు ఇస్తారు. దీనివల్ల కలెక్టరు సమీక్షల్లో రక్తహీనత, ఆసుపత్రి ప్రసవాలు, బడిలో కరెంటు లాంటి మాటలు క్రమం తప్పకుండా వినిపించాయి. అది చిన్న లాభం కాదు. రోడ్లు, భవనాలు తప్ప సమీక్షకు ఎక్కని జిల్లాలు దేశంలో ఎన్నో ఉన్నాయి.

చిక్కు మరోచోట వస్తుంది. నెలకొకసారి మారే అంకెను వెంటాడితే, పదేళ్లకు గానీ మారని విషయం వెనకబడుతుంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి రెండు పాత జిల్లాల సరిహద్దులూ మారాయి. పాత హద్దుల నాటి లెక్కతో కొత్త హద్దుల జిల్లాకు ప్రణాళిక రాయడం ఎంత కష్టమో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. ఆసుపత్రి ప్రసవాల శాతం పెరిగిందని పట్టిక చెబుతుంది. ఆ మహిళను కొండ మీది గూడెం నుంచి డోలీలో ఎన్ని కిలోమీటర్లు మోసుకొచ్చారో అందులో ఉండదు.

ఆ డోలీ సమస్యకు సాలూరులో ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) 2018లో ఒక జవాబు కనిపెట్టింది. నెలలు నిండుతున్న గిరిజన గర్భిణులను ముందుగానే కొండ దించి, ప్రభుత్వ వసతి గృహంలో ఉంచి, భోజనం, వైద్య పరీక్షలు అందించి, నొప్పులు రాగానే ఆసుపత్రికి చేర్చడం. కొత్త చట్టం అక్కర్లేదు, వందల కోట్లు అక్కర్లేదు. కొండ మీది జీవితం తెలిసిన పాలన చేయగలిగిన పని అది. రోడ్డు వేయడానికి పట్టే కాలంలో ప్రాణాలు పోకుండా చూసింది. విధానాలు పై నుంచి కిందికే రావాలన్న నమ్మకాన్ని ఇలాంటి ప్రయోగాలు సవాలు చేస్తాయి. కానీ ఇటువంటి ఆలోచన ఒక అధికారి పట్టుదలతో పుట్టి, ఆ అధికారి బదిలీతో నీరసించే ప్రమాదం మన వ్యవస్థలో ఎప్పుడూ ఉంటుంది. దానికంటూ బడ్జెట్ పద్దు, సిబ్బంది పోస్టు ఏర్పడినప్పుడే అది వ్యక్తి మంచితనాన్ని దాటి హక్కుగా మారుతుంది.

రికార్డుల్లో బంజరు, బతుకుల్లో పంట

సుస్థిరాభివృద్ధి చర్చలో శ్రీకాకుళం జిల్లా దేశానికి చూపిన అతి పెద్ద ఉదాహరణ సోంపేట. అక్కడి బీల వందల ఏళ్ల నాటి మాగాణి చిత్తడి. వాన నీటిని పట్టి ఉంచుతుంది, చుట్టుపక్కల పొలాలకు తడి ఇస్తుంది, చేపలు ఇస్తుంది, పశువులకు మేత ఇస్తుంది. 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం దాదాపు వెయ్యి ఎకరాలు ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించారు. కాగితాల మీద ఆ నేలకు విలువ లేదు. రెవెన్యూ రికార్డు భూమిని పన్ను వచ్చేది, రానిది అని చూడడానికి పుట్టింది. నీటిని దాచుకునే నేల, వలసపక్షులకు ఆశ్రయమిచ్చే నేల, పట్టా లేకపోయినా వెయ్యి కుటుంబాలు ఆధారపడే నేల, ఇవి ఆ దస్త్రానికి కనిపించవు.

పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ 2006లో వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి పెద్ద ప్రాజెక్టుకు ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి, ప్రాజెక్టు సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచి, జిల్లా మేజిస్ట్రేటు లేదా అదనపు మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి ఆధ్వర్యంలో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాగితం మీద ఈ పద్ధతి చాలా దేశాల కంటే మెరుగు. కానీ ప్రజల అభ్యంతరాలు నమోదవుతాయే గానీ వాటికి జవాబు చెప్పక తప్పని పరిస్థితి అధికారికి లేదు. అభిప్రాయం చెప్పినా వినడం లేదని తేలిన జనం 2010 జులై 14న పొలాల్లో నిలబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల చిత్తడి నేల అన్న సోంపేట రైతుల మాటే నిలబడింది. ఆ మాటను జిల్లా స్థాయిలోనే, తొలి ఫైలులోనే నమోదు చేసి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. అక్కడా 2,640 మెగావాట్లే, అక్కడా తంపర (చిత్తడి) భూములే. తేలినీలాపురానికి ఏటా వచ్చే పెలికాన్లు, కొంగలు మేత వెతుక్కునే ప్రాంతం అది. పర్యావరణ మంత్రిత్వ శాఖ పనులు ఆపమంది, తర్వాత షరతులతో మళ్లీ అనుమతించింది. చివరికి ఆ కేంద్రం అసంపూర్తిగానే నిలిచిపోయింది. మనుషులు పోయారు, చిత్తడి నేల చెడింది, కరెంటు రాలేదు, బ్యాంకుల అప్పు మిగిలింది. సుస్థిరతను అభివృద్ధికి అడ్డంకిగా చూసేవాళ్లు ఈ లెక్కను తీరిగ్గా చూడాలి. స్థానిక జ్ఞానాన్ని ముందే వినడం అందరికంటే ఎక్కువగా పెట్టుబడిదారుకే లాభం అయ్యేది.

ఇప్పుడు అదే తీరంలో మూలపేట ఓడరేవు కడుతున్నారు. రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. పైడిభీమవరంలో మందుల పరిశ్రమలు, విజయనగరం జిల్లా భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నాయి. ఉత్తరాంధ్ర యువతకు ఉద్యోగాలు కావాలి, దానిలో మరో మాట లేదు. ఇక్కడి మత్స్యకారులు బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి, 2018లో పాకిస్థాన్ సముద్ర భద్రతా సిబ్బందికి చిక్కి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో మగ్గిన సంగతి తెలిసిందే. సొంత తీరంలో పని దొరకాలన్నది న్యాయమైన కోరిక. ఈ ప్రాజెక్టుల చుట్టూ ఉన్న చిత్తడి నేలలు, ఉమ్మడి భూములు, వేట ప్రాంతాల పటాన్ని గ్రామసభల సాయంతో ముందే గీసి రికార్డులోకి ఎక్కిస్తేనే ఆ కోరిక మరో సోంపేటకు దారితీయకుండా ఉంటుంది.

తుపాను నాటి బలం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగాయి. కరెంటు లేక మోటార్లు ఆగి తాగునీరు కరవైంది. అప్పుడు ముఖ్యమంత్రి సహా యంత్రాంగమంతా పలాసలో మకాం వేసింది. ఇతర జిల్లాల నుంచి అధికారులు, విద్యుత్ సిబ్బంది, జనరేటర్లు వచ్చాయి. లోపాలు లేవని కాదు. కానీ శాఖల గోడలు ఆ కొద్ది రోజులూ కూలిపోయాయి. ఒకే వ్యక్తి ఆదేశం, ఒకే పటం, రోజూ సమీక్షలు. మన యంత్రాంగానికి సామర్థ్యం లేదన్న మాట తప్పని తిత్లీ చూపింది. ఆ సామర్థ్యం విపత్తుకే మేల్కొంటుంది. పడిపోయిన కొబ్బరి చెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్ల పాటు రైతుకు అండగా నిలిచే పద్ధతి సహాయ నిబంధనల్లో లేదు. పరిహారం ఒకసారి ఇచ్చి పద్దు మూసేస్తారు.

జిల్లాల చేతిలోనే ఉన్నవి

ఇవన్నీ ఢిల్లీలోనో అమరావతిలోనో మాత్రమే తేలే విషయాలు కావు. పథకం మంజూరు చేసే జీఓలోనే రాబోయే పదేళ్ల నిర్వహణ ఖర్చు, దాన్ని కట్టే ఖాతా పేరు రాయాలని రాష్ట్రం ఒక నియమం పెట్టుకోవచ్చు. 700 కోట్లు పెట్టగలిగిన చోట, దానిని నడిపే సొమ్ముకు ఏటా చేయి చాచే పరిస్థితి ఉండకూడదు. సచివాలయంలో నీరు, పారిశుద్ధ్యం, ఆరోగ్యం చూసే ముగ్గురు ఉద్యోగులనైనా పంచాయతీ తీర్మానానికి జవాబుదారీ చేయాలి. ఇది రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో చేయగలిగిన పని.

రాజ్యాంగంలోని 243 జడ్‌డీ అధికరణం ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలంటుంది. దాని సభ్యుల్లో ఐదింట నాలుగు వంతుల మందిని జిల్లా పరిషత్తు, పురపాలక సంఘాల సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలి. కేరళ 1996లో ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చి ఈ స్ఫూర్తికి ప్రాణం పోసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చట్టం వచ్చినా ఆ సంఘానికి జిల్లా భవిష్యత్తును నిర్ణయించే స్థానం దక్కలేదు. తాటిపూడి జలాశయం నీటిలో విశాఖ నగరానికి ఎంత, విజయనగరం ఆయకట్టుకు ఎంత, నాగావళి, చంపావతి ఇసుక రేవుల్లో తవ్వకం ఎక్కడ ఆగితే తాగునీటి ఊట బావులు బతుకుతాయి, ఇలాంటి ప్రశ్నలకు చర్చావేదిక కావలసింది ఆ సంఘమే. ఇప్పుడు అవి వేర్వేరు శాఖల ఫైళ్లలో, ఒకదానికొకటి తెలియకుండా తేలుతున్నాయి.

అధికారుల బదిలీల విషయంలో సుప్రీంకోర్టు 2013లోనే కనీస పదవీకాలం ఉండాలని చెప్పింది. 2014లో ఐఏఎస్ నిబంధనల్లో రెండేళ్ల కాలం చేరింది. మినహాయింపులే నియమంగా మారకుండా చూడవలసిన బాధ్యత రాజకీయ నాయకత్వానిది. నీటి పథకం ఇంజినీరుకు, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి కూడా ఇది వర్తించాలి. బదిలీ అయ్యే అధికారి తన తర్వాతి వ్యక్తికి కొనసాగుతున్న ప్రయోగాల వివరంతో రాతపూర్వక అప్పగింత పత్రం ఇవ్వడం తప్పనిసరి చేయవచ్చు.

వెంటనే మొదలుపెట్టదగిన పని ఒకటి సోమవారం అర్జీల్లో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లకు ప్రతి సోమవారం జనం అర్జీలతో వస్తారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ వేదిక పేరు మారింది, వరుస మాత్రం తగ్గలేదు. ఎన్ని అర్జీలు పరిష్కారమయ్యాయన్న శాతంతోనే ఇప్పుడు అధికారి పనితీరు లెక్కిస్తున్నారు, అందువల్ల సంబంధిత శాఖకు పంపడమే పరిష్కారంగా నమోదయ్యే వీలుంది. తాగునీటి అర్జీలను మండలం, ఊరు, వీధి వారీగా విడదీసి, ఒకే కుళాయి మీద మూడు నెలల్లో రెండోసారి అర్జీ వస్తే దాన్ని మూసే అధికారం కింది శాఖకు లేకుండా చేయాలి. ఆ ఊరి క్లోరిన్ పరీక్ష ఫలితం, అర్జీదారు సంతకం, ఈ రెండూ జతపడిన తర్వాతే కలెక్టరు స్థాయిలో ఆ అర్జీ ముగియాలి. ఆ ఫలితాలను నెల నెలా సచివాలయం గోడ మీద, తెలుగులో, ఊళ్లోవాళ్లు నిలబడి చదువుకునేంత పెద్ద అక్షరాల్లో అంటించాలి.